నేను నేర్పిన నడక

మడమ ముందు, వేళ్లు తర్వాత, అని ఎన్ని వందల మంది రోగులకు చెప్పి ఉంటానో, ఇప్పుడు కోర్టు హాల్లో తెర మీద ముసుగు మనిషి గోదాము మెట్లు దిగుతుంటే కూడా నా నోట్లో అదే మాట, మడమ ముందు, భుజం దించకు, బోనులో తమ్ముడు నా వైపు చూడటం లేదు, బైకు ప్రమాదంలో తొడ ఎముక విరిగితే ఆరు నెలలు వాడి నడుముకు బెల్టు కట్టి వెనక నుంచి పట్టుకుని నడిపించాను, కుక్కపిల్లలా తిప్పుతున్నావేంటే అక్కా అనేవాడు, వెధవ, ఎంత నవ్వించేవాడో, ఇప్పుడు గోదాము కాపలాదారుణ్ణి చంపింది వాడేనట, నడకను కొలిచే యంత్రం నూటికి తొంభై నాలుగు పాళ్లు వాడే అందట, ఏ లెక్కన అందో చెప్పించండి, సాక్షిని ప్రశ్నించే హక్కు రాజ్యాంగం ఇచ్చింది కదండీ అని మా లాయరు గొంతు చించుకున్నాడు, అది మా వ్యాపార రహస్యం అన్నారు కంపెనీవాళ్లు, జడ్జిగారు కళ్లజోడు తుడుచుకుని సరే, కానివ్వండి అన్నారు.

నా దగ్గర తొడ విరిగి లేచినవాళ్లంతా ఇలాగే నడుస్తారు, బేకరీ ఆయన, బస్సు డ్రైవరు, లెక్కల టీచరమ్మ, ఆ సంగతి యంత్రానికి ఎవరు చెప్పారు, పైగా తమ్ముడి ఎడమ చెయ్యి బాగా ఊగుతుంది, తెర మీద వాడిది ఊగడమే లేదు, ఇంత పెద్ద తెర మీద ఇవాళే కనబడి చావాలా, లాయరు చెవిలో వేస్తే, ఇప్పుడా మేడమ్ చెప్పేది అని తల పట్టుకున్నాడు.

తమ్ముణ్ణి పట్టుకోకముందు ఈ కేసు ఇన్‌స్పెక్టరు ఎంత మర్యాదగా వచ్చాడు నా క్లినిక్‌కి, నడక చూసి మనిషిని చెప్పేస్తారటగా మేడమ్ అంటూ ఫోన్‌లో ఈ మెట్లు దిగే వీడియోనే చూపించాడు, హత్య మాట ఎత్తలేదు, ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదనీ అనలేదు, పొగిడితే పొంగిపోయే బుద్ధి నాది, నా చేతి పని నాకు తెలియదా, మా తమ్ముడేనండీ, ఎక్కడ దొరికాడు మీకు అని నవ్వాను, బల్ల మీద రోగి కాలెత్తి పట్టుకుని ఎదురుచూస్తోంది, అతను రాసిచ్చిన కాగితం చదవకుండానే సంతకం పెట్టాను.

జడ్జిగారు ఆ కాగితమే చదువుతున్నారు, ఒక్క యంత్రాన్ని నమ్మి శిక్ష వేయాలంటే మేమూ జంకుతాం, కానీ సొంత అక్కే గుర్తుపట్టింది కదా అంటున్నారు, తమ్ముడు ఇప్పుడు నా వైపు చూస్తున్నాడు, కోపం కూడా లేదు వాడి ముఖంలో, వాళ్లకు ఒక మనిషి మాట తక్కువైంది, అది నేనే ఇచ్చాను, వాడు జైలుకు పోతున్నది నా మాట మీదే.