చాట్ అన్న బీడీ

బాలలక్ష్మి ప్రసవమై పన్నెండు రోజులే. అయినా బుట్ట నెత్తిన పెట్టుకుని సిద్దిపేట బీడీ ఖార్ఖానా మెట్లెక్కింది. కమీషన్‌దారు జగదీశ్వర్ కట్టలు విప్పి చూశాడు. సగానికి సగం చాట్ డబ్బాలో పారేశాడు. చాట్ అంటే పనికిరాని బీడీ. దానికి కూలి లేదు. పైగా ఆకు, తంబాకు నష్టం చుట్టిన మనిషే భరించాలి.

"గిదేం అన్యాలం సేటూ? అన్ని మంచిగనే ఉన్నయి గద!"

"జనం బీడీ తాగుడు మానాల్నని సర్కారు పన్నేసింది. గిరాకి సచ్చింది. గీ మాత్రం పనిస్తున్న, మొక్కు." ఆమె రవిక తడిసి ఉండడం చూసి నవ్వాడు. "పాలు కారుకుంట చుట్టిన బీడీ ఎవడు తాగుతడే? చంటి పోరగాండ్లా?"

గుమాస్తాలు పళ్ళికిలించారు. అరవై మంది ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. గులాబ్‌బీ కూడా దించుకుంది. ముప్పై ఏళ్ళుగా చుడుతోంది. ఇంకో ఏడాది గడిస్తే పింఛను. ఆ పింఛనుకు ఆధారమైన బీడీ కార్మికురాలి కార్డు మీద ఏటా సంతకం పెట్టేది జగదీశ్వరే.

నాలుగు రోజులు గడిచాయి. గులాబ్‌బీ తమ్ముడు దస్తగిర్ ఆమె గడపలో కూర్చుని లేబుల్ లేని బీడీ తీశాడు.

"పన్ను పెరిగింది గద, మానలేదారా?"

"ఎందుకు మానుత అక్కా? కల్లు కాంపౌండ్ల లూజు బీడీ సగం ధరకే దొరుకుతుంది."

గులాబ్‌బీ బీడీ లాక్కుని చూసింది. ఆకు చుట్టు ఎదురు తిరిగి ఉంది. ఖార్ఖానాలో ఎడమచేతి మనిషి బాలలక్ష్మి ఒక్కతే. చాట్ అని పారేసిన బీడీయే ఇది. పన్ను కట్టకుండా, కూలి ఇవ్వకుండా జగదీశ్వర్ దాన్నే చాటుగా అమ్ముకుంటున్నాడు. గులాబ్‌బీ ఆ బీడీ పట్టుకుని ఇంటింటికీ పోయింది.

తెల్లారి ఆమె వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళంతా కూడారు.

"కార్డు కొట్టేస్తే ఎట్లనే? మొగడు లేనిదాన్ని, నాకు గదే దిక్కు," అంది వాళ్ళలో ఒకామె, సుమిత్రమ్మ.

"మూసుకోని ముప్పయ్యేండ్లున్నం. ఏం మిగిలింది? దగ్గు! పన్ను తాగేటోన్ని మాన్పలే, చుట్టేటోళ్ళ కడుపు గొట్టింది. చాట్ అన్న బీడీ మన ముందల్నే ఇరగాలె," అంది గులాబ్‌బీ.

"సేటు ఇరువకపోతే?"

"మనమే ఇరుద్దాం."

ఆ పొద్దే జగదీశ్వర్ ఆమె బుట్టలోంచి గుప్పెడు తీసి డబ్బాలో వేశాడు. గులాబ్‌బీ వాటిని తీసి పుటుక్కున విరిచింది.

"నా మాల్ ఇరుస్తవానే ముసల్దానా!"

"మాలయితే కూలియ్యి. చాటయితే ఇరుగుతది. ఏదో ఒకటి చెప్పు సేటూ."

అతను చెంప పగలగొట్టాడు. ఆమె పడింది. పడినచోటే ఇంకో గుప్పెడు విరిచింది. అంతే, ఆడవాళ్ళంతా డబ్బా మీద పడ్డారు. దగ్గుతూ, తిడుతూ విరిచారు.

పోలీసులు వచ్చారు. జగదీశ్వర్ గులాబ్‌బీ కార్డు గుంజుకుని, ఎస్సై ముందే నాలుగు ముక్కలు చేశాడు. "ఇగ తిను నీ పింఛన్." ఆమె జీపెక్కింది.

అదను చూసి లూజు బీడీల సంచులతో జగదీశ్వర్ ట్రాలీ గోదాము దాటింది. సుమిత్రమ్మ దానికి అడ్డంగా పోయి, రొంటిలోంచి తన కార్డు తీసి చక్రం ముందు విసిరింది.

"గిది గుడ చింపుకో! గా సంచులకు పన్ను గట్టిన రసీదు సూపియ్యి. గప్పటిదాంక బండి కదలది."

కూర్చుంది. పక్కన బాలలక్ష్మి కూర్చుంది. వెనక అందరూ. లాఠీ సుమిత్రమ్మ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు జీపులో ఉన్న గులాబ్‌బీకి వినిపించింది. ఎవరూ లేవలేదు.

లాఠీ మళ్ళీ లేచింది. ఆడవాళ్ళ కార్డులు ఒకటొకటే చక్రం కిందికి వచ్చి పడుతున్నాయి.