తేలిక బాణం

మోత్కూరులో సైకిళ్లు బాగుచేసే దస్తగిరికి చేతులు ఖాళీగా ఉంటే మనసు నిలవదు. నమాజు తప్పడు, బీడీ ముట్టడు, గొంతు పెంచి మాట్లాడడు. కానీ పాత ఇనుము ముక్క కనబడిందా, దాన్ని ఏం చేయవచ్చునన్న ఆలోచన తలలో దూరి కూర్చుంటుంది. "ఈయనకు అన్నం లేకున్నా నడుస్తది గని, తుప్పు లేకుంటే నడువది" అని ఆయన భార్య లాల్ బీ నలుగురిలోనూ అనేది.

ఆయన తండ్రి, తాత దూదేకులవాళ్లు. పైకప్పు నుంచి పెద్ద విల్లు వేలాడదీసి, గొర్రె నరంతో పేనిన దాని నారిని కొయ్యగుండుతో కొడుతుంటే దూది మబ్బులా లేచేది. ఆ నరాలు ఇచ్చేది ఊళ్లో గొర్రెలు కాసే కురుమల ఇళ్లవాళ్లు. దూది ఏకడానికి మిషన్లు వచ్చాక ఆ విల్లు పొయ్యిలోకి పోయింది. దస్తగిరి పానా పట్టుకున్నాడు.

తొంభై రెండులోనో మూడులోనో, నల్గొండ నుంచి వచ్చిన పాత సామాను మూటలో రంగుల పుస్తకంలోంచి చిరిగిన పేజీ ఒకటి ఆయనకు దొరికింది. అందులో ఒక బొమ్మ. తుపాకీ లాంటి కొయ్యకు అడ్డంగా పొట్టి విల్లు, విల్లు రెండు కొనలకూ రెండు గిరకలు. కింద రాసింది ఇంగ్లీషు. దస్తగిరి చదివింది ఐదో తరగతి. అందుకని అక్షరాలను వదిలేసి బొమ్మనే చదువుకున్నాడు.

విల్లుకు గిరకలెందుకు? ఈ ప్రశ్న ఆయన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. కట్టెతో గిరకలు కోసి చూశాడు, రేకుతో చేసి చూశాడు. ఒకనాడు పొరపాటున గిరక నడుమ పడాల్సిన రంధ్రం పక్కకు పడింది. దాన్నే బిగించి లాగితే, మొదట చేతులు విరిగేంత బరువనిపించిన నారి చివరికొచ్చేసరికి మెత్తబడి చంటిపిల్లలా ఊరుకుంది. దస్తగిరి ఒక్కడే కూర్చుని నవ్వుకున్నాడు.

పాత జీపు కమాను పట్టీని సానరాయి మీద పలచగా అరగదీశాడు. నారికి సైకిలు బ్రేకు వైరు. కొయ్యకు విరిగిన మంచం కోడు. మీట స్థానంలో బ్రేకు పిడి. అంతా కలిపితే పనిముట్ల పెట్టెలో పట్టేంత. ఎవరికీ చూపలేదు. చూడ్డానికి తుపాకీలా ఉంటుంది మరి. పోలీసులు అనుమానపడడానికి, నక్సలైట్ల కోసం గాలించే ఆ రోజుల్లో అంతకంటే చిన్న వస్తువైనా చాలు. లాల్ బీకి ఒక్కదానికే తెలుసు.

విల్లు కుదిరింది కానీ బాణం కుదరలేదు. వెదురుతో చేసింది బరువై ముందుకు వంగి నేల కరిచేది. పుల్లలు మార్చి మార్చి చివరికి చెరువుగట్టు రెల్లు దగ్గర ఆగాడు. లోపల బోలు, పైన గట్టి. దానికి ములికిగా సైకిలు చువ్వ ముక్కను సూదిలా నూరి గుచ్చాడు. తోకకు కోడీక బరువనిపించి, దవాఖానలో తీసిన పాత ఎక్స్‌రే ఫిలింను రెక్కలుగా కత్తిరించాడు.

లాల్ బీ ఆ ఫిలింను గుర్తుపట్టింది.

"అయ్యో, ఇది అత్తమ్మది గాదు? ఆమె బొక్కలను బాణానికి కడ్తవా?"

"అమ్మ పోయి ఎన్నేండ్లాయె. ఫిలిం ఊకెనే పడి ఉన్నది."

"మీ బాపు విల్లుతోటి పరుపులు చేసిండు, ఊరంతా సుఖంగ పండుకున్నది. నీ విల్లుతోటి ఎవలకేం సుఖమో జర చెప్పు."

దస్తగిరి బాణాన్ని వేలు మీద నిలబెట్టి, ఎటూ ఒరగకుండా ఉన్నందుకు సంతోషపడ్డాడు.

జుమ్మా నమాజు అయ్యాక ఊరవతల బీడుకు పోయేవాడు. గడ్డి కుక్కిన గోనెసంచిని బండకు ఆనించి కొట్టేవాడు. ప్రతి బాణానికీ ముందు "బిస్మిల్లా" అనేవాడు. దూది మీద మొదటి దెబ్బ వేసే ముందు తండ్రి అట్లాగే అనేవాడు. ఏ పనైనా ఆ పేరుతోనే మొదలుపెట్టాలని చిన్నప్పుడే నేర్పాడు. ఏది పని, ఏది ఆట అన్న సంగతి మాత్రం తండ్రీ చెప్పలేదు, కొడుకూ అడగలేదు.

రెల్లు బాణం సంచిలోకి దూరిపోతుంటే, అసలిది ఎంత దూరం పోతుందో చూడాలన్న కోరిక పుట్టింది. ఒక శుక్రవారం సంచిని వదిలేసి, తంగేడు పొదల మీదుగా ఆకాశానికి గురిపెట్టాడు. అవతలి నుంచి గొర్రెల మెడగంటలు వినబడుతున్నాయి. విన్నాడు. దూరంగానే ఉన్నాయిలే అనుకున్నాడు. దేవుడి పేరు తీసుకుని మీట నొక్కాడు. బాణం ఎండకు తళుక్కుమని మాయమైంది. అప్పుడే గాలి లేచింది. అంత తేలిక బాణం గాలి ఎటంటే అటే కదా.

పొదలు దాటి పోయి చూస్తే ఒక పొట్టేలు నిలబడి ఉంది. వెనక తొడలో బాణం. మెడలో పసుపుతాడు, కత్తెర ముట్టని బొచ్చు. దస్తగిరి దాన్ని గుర్తుపట్టాడు. అది కురుమయ్య పొట్టేలు. రెండేళ్ల కింద కురుమయ్య కూతురు బీరమ్మకు జ్వరం మెదడుకెక్కి, నల్గొండ దవాఖానలో ఆశ వదులుకున్న రోజున, తల్లి గుర్వమ్మ తమ కులదేవుడు బీరప్పకు మొక్కి విడిచిన పొట్టేలు. ఆనాడు దవాఖాన మెట్ల మీద వాళ్లతోపాటు కూర్చున్నవాళ్లలో దస్తగిరి కూడా ఉన్నాడు.

బాణాన్ని పట్టి లాగాడు. రెల్లు పుటుక్కున విరిగింది. ములికి లోపలే ఉండిపోయింది. పొట్టేలు అరవలేదు. ఒకసారి ఆయన ముఖంలోకి చూసి కుంటుకుంటూ మందలోకి పోయింది. గొర్రెల కాపరి అవతల చెట్టునీడన పడుకుని ఉన్నాడు. దస్తగిరి విరిగిన పుల్లను జేబులో పెట్టుకుని, వంగి వంగి పొదల చాటున ఇంటికొచ్చాడు. నలభై దాటిన మనిషి, దొంగలా.

బక్రీదుకు గొర్రెను కొనేటప్పుడు చెవి, కన్ను, కొమ్ము, కాలు తడిమి చూసే మనిషి ఆయన. లోపమున్న జీవాన్ని దేవుడికి ఇవ్వరాదని ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

కొన్నాళ్లకు కురుమయ్యే దుకాణానికి వచ్చాడు.

"దస్తగిరన్నా, జర పట్టకారియ్యే. బీరప్ప పొట్టేలుకు ముల్లు గుచ్చింది. వాసింది. పండుగ దగ్గరపడె."

ఇప్పుడు చెప్పవచ్చు. నోరు తెరిచాడు కూడా. "తమ్మీ" అన్నాడు. కురుమయ్య తల ఎత్తాడు. ఆ చూపులో ఏ అనుమానమూ లేదు. అనుమానం ఉంటే దస్తగిరి చెప్పేసేవాడేమో.

"నీ చేతులకు అలవాటు లేదు. నేనే వచ్చి తీస్త" అన్నాడు.

పోతూ దారిలో తుమ్మకంప దగ్గర ఆగి పొడుగాటి ముల్లు ఒకటి తెంపి పిడికిట్లో పెట్టుకున్నాడు. ఇందులో తప్పేముంది, జీవానికి బాధ తగ్గితే చాలు కదా అని మనసుకు చెప్పుకున్నాడు. మనసు వినలేదు, చెయ్యి విన్నది.

గుర్వమ్మ పొట్టేలు తలను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. దస్తగిరి గాయాన్ని వేడినీళ్లతో కడిగి, పట్టకారు దించి చువ్వ ముక్కను బయటికి లాగాడు. లాగుతూనే దాన్ని అరచేతిలోకి జార్చి, ముల్లును చూపాడు.

"అమ్మో, ఎంత ముల్లు!" అంది గుర్వమ్మ. "నీ చేతుల దేవుడున్నడన్నా. నువ్వు లేకుంటే నా మొక్కు ఏమైపోతుండె?"

చెంబు నిండా మజ్జిగ తెచ్చిచ్చింది. ఆయన తాగాడు. అరచేతిలో ఇనుము తడిగా గుచ్చుకుంటోంది. ఆ రాత్రి నమాజులో నుదురు నేలకు ఆనించి చాలాసేపు లేవలేదు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఎవరిని నష్టపెట్టాడో వాళ్లను అడగకుండా పైవాణ్ని అడిగితే చెల్లుతుందా? ఈ సందేహం తీర్చుకోవడానికి పెద్దలెవరి దగ్గరకూ పోలేదు. జవాబు తెలిసే పోలేదు.

బీరప్ప పండుగ వచ్చింది. గాయం మానింది కానీ కుంటు పోలేదు. కురుమయ్య ఇంటికొచ్చి మరీ పిలిచిపోయాడు, దస్తగిరి పోక తప్పలేదు. గుడి ముందు డోళ్లు మోగుతున్నాయి. గాలి నిండా పసుపు. ఒక్కొక్క పొట్టేలునూ పూజారి ఐలేశం ముందుకు తెస్తున్నారు. ముసలాయన ఒళ్లంతా తడిమి సరే అంటే ముందుకు పంపుతున్నారు. గుర్వమ్మ తలస్నానం చేసి, పొద్దటి నుంచి పచ్చినీళ్లు ముట్టకుండా, బీరమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది.

ఐలేశం చెయ్యి వాళ్ల పొట్టేలు తొడ మీద ఆగింది.

"ఇదేందే, కురుమయ్యా?"

"ముల్లు గుచ్చింది తాతా. మానింది."

"ముల్లయితే ఫికర్ లేదు. ముల్లు అడివిది, అడివి బీరప్పది. ఆయన ముల్లు చేసిన గాయం ఆయనకు తప్పు గాదు. ఇనుమైతే మనిషిది. ఇనుము తాకినదాన్ని మన తాతల నాటి నుంచి ముందట వెట్టలే. ముల్లేనా? ఎవలు చూసిండ్రు?"

"దస్తగిరన్న తీసిండు" అంది గుర్వమ్మ. "గాడ నిలవడ్డడు. అడుగుండ్రి. ఆయన అబద్ధమాడడు."

అందరూ అటు తిరిగారు. డోలు కొట్టేవాళ్లు కూడా చేతులాపారు. ముల్లే అంటే అయిపోతుంది. పొట్టేలు ముందుకు పోతుంది, గుర్వమ్మ మొక్కు తీరిందనుకుంటుంది, తీరలేదని ఎప్పటికీ తెలియదు. దస్తగిరి బీరమ్మను చూశాడు. ఆ పిల్ల ఆయన్ను చూసి నవ్వింది.

"ఇనుము" అన్నాడు.

"ఏందీ?"

"ముల్లు గాదు. ఇనుము. నాదే. బాణం చేసిన. ఎంత దూరం పోతదో అని వదిలిన. దీనికి తాకింది."

 కురుమయ్య ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నాకు ముల్లు చూపెడ్తివి గదనే?"

"చూపెట్టిన."

"గా ముల్లేడిది మరి?"

"తొవ్వల తుమ్మకంపకు తెంపిన."

"తెంపుకొనే వచ్చినవా?" కురుమయ్య గొంతు పెంచలేదు. "ఇంట్ల అడుగు వెట్టకముందే?"

దస్తగిరి తల ఊపాడు. బాణం వేసినందుకు కాదు, ఆ తల ఊపుకు ఆయన నిలువునా కుంగిపోయాడు. బాణం గాలికి పోయింది. ముల్లును మాత్రం ఏ గాలీ తెంపలేదు.

గుర్వమ్మ అడిగింది. "అన్నా, మీరు జీవాన్ని కోస్తే దేవుని పేరు తీస్కుంటరు గద. ఆ బాణానికి తీస్కున్నవా?"

"తీస్కున్న చెల్లె."

"మరి నీ దేవుడు వద్దనలేదా?"

ఆమె ఎగతాళి చేయలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.  ఆనాడు గొర్రెల గంటలు వినబడ్డాయి కదా, వద్దనడం అంటే అదే కావచ్చు. ఆ మాట ఆమెతో అనలేకపోయాడు.

ఐలేశం పొట్టేలు మీది నుంచి చెయ్యి తీశాడు. "గుర్వమ్మా, నీ మొక్కు నీ మీదున్నది. ఇంకో పొట్టేలు పిల్లను విడువు, పెరిగినంక చూద్దాం. దీన్ని కొయ్యొద్దు, అమ్మొద్దు. మందల కలుపొద్దు. ఇనుము ఎవలదో, వాని వాకిట్లనే అది బతకాలె." ఆపై దస్తగిరి వైపు చూశాడు. "మీ పండుగకు గూడ కొయ్యరాదు, ఎరుకేనా?"

"ఎరుకే" అన్నాడు దస్తగిరి.

కురుమయ్య పలుపు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "పొద్దుగాల, మాపటీలి నీళ్లు తాగుతది" అని మాత్రం చెప్పి, భార్య దగ్గరకు పోయాడు. గుర్వమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఇంకెన్నాళ్లు ఆగాలో, అంతవరకు బిడ్డకు ఏమవుతుందో అన్న భయం ఆమెది. ఆ భయానికి మందు దస్తగిరి దగ్గర లేదు. తుమ్మముల్లు చూపినంత సులభం కాదది.

పొట్టేలు కుంటుతుంది కాబట్టి మెల్లగా నడవాలి. మోత్కూరు బజారు పొడుగునా నడవాలి. ఆ రోజు అంగడి.

"ఏం దస్తగిరన్నా, బక్రీదుకు అప్పుడే తెచ్చినవా?" గాజులమ్మే హనీఫా అడిగింది.

"కాదు" అని తల వంచుకున్నాడు.

హోటలు జానయ్య గ్లాసులు కడుగుతూ అరిచాడు. "మంచి జీవమే పట్టినవ్ గదా! గా కుంటేందే? కురుమయ్య నిన్ను ముంచిండా ఏంది?"

ముందుకు పోదామనుకున్నాడు. కానీ ఆ మాట కురుమయ్య మీద పడింది. దస్తగిరి ఆగాడు.

"కురుమయ్యను అనకు, జానయ్యా. ఇది బీరప్పది. నేనే బాణంతోటి కొట్టి చెడగొట్టిన. కొట్టి, ముల్లని అబద్ధమాడిన."

జానయ్య నవ్వబోయి ఆగిపోయాడు. బెంచీ మీద చాయ్ తాగుతున్నవాళ్లు తలలు తిప్పారు. అంతకు ముందు కాదని మాత్రమే చెప్పి దాటొచ్చిన హనీఫా దగ్గరకు మళ్లీ వెనక్కి పోవాలా అని దస్తగిరి ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత పలుపు తిప్పుకుని వెనక్కి పోయాడు. ఆమెకూ చెప్పాడు.

ఇల్లు చేరేసరికి లాల్ బీ వాకిట్లో ఉంది. పొట్టేలును, పసుపుతాడును, కుంటు కాలును చూసింది. విల్లు సంగతి తెలిసిన మనిషి కనుక ఏమీ అడగలేదు. బకెట్టులో నీళ్లు తెచ్చి పెట్టింది.

"వెనక పెరట్ల జాగున్నది. ఆడ కట్టెయ్యి. ఎవలకూ కనవడదు" అంది.

దస్తగిరి పెరటి వైపు పోలేదు. పొట్టేలును దుకాణం ముందుకు నడిపించి, సైకిళ్లకు గాలి కొట్టే చోట, వచ్చినవాళ్లందరూ ఇదెవరిదని అడిగే చోట, గుంజకు కట్టేశాడు.