పదమూడో మంచం

"టీలో పంచదార తక్కువైంది," అన్నారు మావారు, పుస్తకంలోంచి తలెత్తకుండా. ఆయన రాసిన లెక్కల పుస్తకం, నిన్ననే అచ్చయి వచ్చింది. ఎదురుగా సోఫాలో ఆయన పాత శిష్యురాలు ఇంకో ప్రతి తిరగేస్తోంది. మావారు రిటైరైన కాలేజీలోనే ఇప్పుడు ఆవిడ లెక్చరర్. నేను డబ్బా తేవడానికి లేచాను. ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రి వార్డులో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాక ఇంట్లో నా డ్యూటీ ఇదే. దీనికి మాత్రం షిఫ్టు అందుకోవడానికి రిలీవర్ ఎవరూ రారు.

నాకు లెక్కలంటే ప్రాణం. ఆ మాట ఇంట్లో ఒక్కసారే పైకి అన్నాను. "లెక్కలకి నేనున్నాగా, నీకెందుకే," అని మావారు నవ్వేశారు. చదువు నర్సింగుతో ఆగింది గానీ బుర్ర ఆగలేదు. వార్డులో డ్యూటీ చార్టు వేసేది నేనే. షిఫ్టుకి ముగ్గురు, మధ్యలో సెలవులు. ఏ ఇద్దరూ రెండోసారి కలిసి పడకుండా ఎన్ని వారాలు నడపొచ్చు? ఆ ప్రశ్న ఇరవై ఏళ్లు నన్ను వదల్లేదు. కూర ఉడికేలోపు, బస్సు వచ్చేలోపు, పాత టెంపరేచర్ చార్టుల వెనక రాసుకుంటూ పోయాను. దానికి జవాబుగా వేసిన పట్టిక పూర్తయిన రోజు స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా లేదు.

ఒక అలవాటు మాత్రం చేతికి అంటుకుపోయింది. రోగులు భయపడతారని మా వార్డులో పదమూడో నంబరు మంచం వేయలేదు. పన్నెండు పక్కన పద్నాలుగే. ఇంటి సామాన్ల చీటీలో వరస నంబర్లు వేసినా నాకు పన్నెండు తర్వాత పద్నాలుగే పడేది. అత్తగారు ఆ చీటీ పక్కింటావిడకి చూపించి, "వరసగా అంకెలే రావు, ఈవిడకి లెక్కల పిచ్చట!" అన్నారు. మావారూ పకపకా నవ్వారు.

ఆరేళ్ల కిందట ఇంటికి రంగులు వేయించినప్పుడు నా కాగితాల కట్ట కనబడలేదు. "ఆ చిత్తు కాగితాలా? చెత్తలో పడేశాను. వాటికి ఏడుస్తారటే ఎవరైనా?" అన్నారు మావారు. ఏడ్చాను. ఏడుస్తూనే టీ పెట్టాను.

డబ్బాతో తిరిగొచ్చేసరికి శిష్యురాలు అడుగుతోంది. "అయిదో అధ్యాయంలో పట్టిక అద్భుతం సార్. కానీ వరస నంబర్లలో పన్నెండు తర్వాత పద్నాలుగుంది. పదమూడేమైంది?"

"అచ్చుతప్పయి ఉంటుందిలే," అన్నారు మావారు.

గబగబా వచ్చి ఆవిడ భుజం మీంచి చూశాను. నా పట్టికే. నా గళ్లు, నా గుర్తులు, ఒక్క అంకె మారలేదు. దొంగతనమన్న మాట ముందు తట్టనే లేదు. నా కాగితాలు బతికే ఉన్నాయా, అనుకున్నాను. ఆ తర్వాత మండింది. పోనీ, అర్థం చేసుకునైనా ఎత్తి రాశారా? అదీ లేదు. నా పొరపాటుతో సహా దించేశారు.

"ఏమోయ్, పంచదార," అన్నారాయన చెయ్యి చాచి.

ఇవ్వలేదు. శిష్యురాలి పక్కన కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను.

"పెన్సిలుంటే ఇవ్వమ్మా, ఆ పట్టిక ఎలా వచ్చిందో నేను చెబుతాను," అన్నాను. "అది అచ్చుతప్పు కాదు. మా వార్డులో పదమూడో మంచం లేదు."