పుట్టినరోజు గోడ మీద శని

డబ్లిన్ తెలుగువాళ్ళకు ఎన్ని కొరతలున్నా ఫ్లెక్సీల కొరత మాత్రం లేదు. ఆ పుణ్యం మనస్వినిది. శాండీఫోర్డ్ లూవాస్ ట్రామ్ స్టాప్ పక్కనున్న అపార్ట్‌మెంట్‌లో, వంటగదికీ సోఫాకూ మధ్య ఇరికించిన బల్ల దగ్గర కూర్చుని, మొదటి పుట్టినరోజులకూ ఓణీల ఫంక్షన్లకూ ఉగాది సంబరాలకూ ఆమె బొమ్మలు గీసిపెడుతుంది. గీసిపెడుతుందనడం ఆమె మీది గౌరవంతో. నిజానికి చేసేదల్లా ఒక పసివాడి తలకాయ తెచ్చి వ్యోమగామి ఒంటికి అతికించడం, పక్కన ఆవునూ దూడనూ కూడా పెట్టమంటే పెట్టడం, చంద్రుడి మీద ఆవెందుకని అడక్కపోవడం. తెలుగు సంఘం వాళ్ళ ఉగాది పోస్టరయితే మరీ సుఖం. స్పాన్సర్ల లోగోలన్నీ పోగా వేపపువ్వుకు మిగిలేది బొటనవేలంత చోటు. ఆ వేపపువ్వును కూడా కాస్త పక్కకు జరపమని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

హైదరాబాదులో బొమ్మల చదువు చదివి, బంగారు పతకం కూడా తెచ్చుకున్న మనిషి ఇలా తేలిందేమిటని ఆమె పెద్దగా బాధపడేది కాదు. ఆమెకు వేరే వ్యసనం ఉంది. పొద్దున్నే లోకమంతా ఫోన్లో క్రికెట్ స్కోరో బంగారం ధరో చూసుకుంటుంటే, ఈమె అంతరిక్షం ఫొటోలు చూస్తుంది. ఎక్కడో నక్షత్రాలు పుడుతున్న దుమ్ము మేఘాలు, ఒకదాన్నొకటి మింగుతున్న పాలపుంతలు, ఎర్రటి ఎడారి మీద ఒంటరిగా దొర్లుతున్న ఓ యంత్రం నీడ. చూస్తూ చూస్తూ పాలు పొంగించేస్తుంది. వాళ్ళింట్లో స్టవ్ శుభ్రంగా ఉన్న రోజు ఆకాశంలో కొత్త ఫొటో ఏదీ రాలేదని అర్థం.

చిక్కల్లా ఎవరికైనా చూపించాలనుకున్నప్పుడే. భర్త శశికాంత్‌కు చూపిస్తే "సూపర్" అంటాడు, ఫోన్ అతని వైపు తిప్పకముందే. స్నేహితురాళ్ళకు చూపిస్తే "వాల్‌పేపరా? పంపవే" అంటారు. మనస్వినికి కావలసింది పెద్ద కోరికేమీ కాదు. తను చూసినదాన్ని ఇంకొక్క మనిషి నిలబడి, నోరు మూసుకుని, కాసేపు చూడాలి. సొంత ఇల్లు కావాలంటే ఈ ఊళ్ళో ఎప్పటికో అప్పటికి దొరుకుతుందేమో గానీ, అలాంటి మనిషి మాత్రం ఆమెకు దొరకలేదు.

అలాంటి రోజుల్లో చెర్రీవుడ్ నుంచి సుధేష్ణ ఫోన్ చేసింది.

"అక్కా, మా ఇందుమతి ఆరో బర్త్‌డే. స్పేస్ థీమ్ కావాలని ఒకటే గోల. వెనకాల గోడకి బ్యాక్‌డ్రాప్ మీరే చెయ్యాలి. ఏం వేస్తారో మీ ఇష్టం, మేం అస్సలు అడగం."

మీ ఇష్టం అనే మాటను బొమ్మలు వేసి బతికేవాళ్ళెవరూ నమ్మరు. దాని అర్థం, నా ఇష్టమేమిటో నాకింకా తెలియదు, మీరు వేశాక చెబుతాను అని. ఇన్నేళ్ళ అనుభవం ఉండి కూడా మనస్విని బుద్ధి గడ్డి తిని ఆ మాట నమ్మింది. ఫ్లెక్సీ వద్దనుకుంది. తెల్లటి గుడ్డ థాను తెప్పించి, హాల్లో కర్టెన్ కడ్డీకి వేలాడదీసి, కుంచె పట్టింది. శశికాంత్ కుర్చీలో రంగుడబ్బాలు కూర్చున్నాయి. అతను నిలబడి తినడం నేర్చుకున్నాడు.

ఆమె ఎంచుకున్నది శని గ్రహం. సూర్యుడు శని వెనక దాక్కున్న వేళ, అటువైపు నుంచి ఓ నౌక తీసిన ఫొటో అది. నడుమ చీకటి గుండ్రం, దాని చుట్టూ వెలుగు పట్టిన ఉంగరాలు, కంసాలి బంగారు తీగ లాగి చుట్టినట్టు. ఆ ఉంగరాల కింద, వెతికితే గానీ కనపడని ఒక నీలి చుక్క. అది మన భూమి. ఉంగరాలన్నీ ఒక ఎత్తు, ఆ చుక్క ఒక ఎత్తు అయింది ఆమెకు. నీలం కలపడం, పెట్టడం, తుడిచేయడం, మళ్ళీ కలపడం. కుదిరిన రోజున వంటింట్లోకి వెళ్ళి ఒక్కతే కాసేపు ఏడ్చింది. తర్వాత కింద మూలన సంతకం పెట్టింది. ఫ్లెక్సీల మీద ప్రింటింగ్ వాడి ఫోన్ నంబరుండే చోటది. అక్కడ తన పేరు చూసుకుని ఆమె మురిసిపోయింది.

కమ్యూనిటీ హాల్ శనివారమే దొరికింది. పొద్దున్నే వెళ్ళి, హాలు చూసుకునే ఎడ్వర్డ్ నిచ్చెన పట్టుకుంటే, మనస్విని గోడ నిండా ఆ గుడ్డ కట్టింది. సుధేష్ణ బెలూన్లు ఊదుతూ "వావ్ అక్కా!" అంది. ఇందుమతి, అంటే స్కూల్లో ఇండీ, అచ్చం ఐరిష్ యాసలో "ఇట్స్ శాటర్న్! ఇట్స్ క్లాస్!" అని ఎగిరి గంతేసి, పిల్లలు గెంతడానికి గాలి నింపి పెట్టిన ఎగురుడు కోట వైపు పరిగెత్తింది. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు సుధేష్ణ భర్త శేషగిరి వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. జయమ్మ నెల్లూరు నుంచి మనవరాలి పుట్టినరోజు కోసమే వచ్చిన మనిషి.

"ఏందమ్మా ఇది?" అంది జయమ్మ గోడకేసి చూసి.

"శని గ్రహమండీ" అంది మనస్విని గర్వంగా. ఆ గర్వమే కొంప ముంచింది.

జయమ్మ చటుక్కున మొహం పక్కకు తిప్పేసింది. "ఓరి దేవుడో! పుట్టినరోజు పూట బిడ్డ నెత్తిన శనిని కూర్చోబెట్టినారా? అది మీనరాశి బిడ్డ గదే సుధేష్ణా! ఏలినాటి శని నడస్తా ఉండాది దానికి!"

శేషగిరి పెద్ద ఆఫీసులో క్లౌడ్ ఆర్కిటెక్టు. అతనికి ఇలాంటి నమ్మకాలేవీ లేవు. లేవని రెండుసార్లు చెప్పి, నెల్లూరు సిద్ధాంతిగారికి వీడియో కాల్ చేశాడు. మధ్యాహ్నం నిద్ర చెడిన సిద్ధాంతిగారు కెమెరా గోడ వైపు తిప్పమన్నారు. తిప్పగానే కళ్ళు మూసుకుని, తీసేయమన్నారు. గురుడైతే దివ్యంగా ఉంటుందని సలహా కూడా ఇచ్చారు.

"అక్కా, సింపుల్" అన్నాడు శేషగిరి ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "ఆ రింగులు ఒక్కటీ చెరిపేస్తే జూపిటర్ అయిపోతాడు గదా. టూ మినిట్స్ పని."

మనస్వినికి ఒళ్ళు మండిపోయింది. "మీ మీసం తీసేస్తే మీరు సుధేష్ణ అయిపోతారా శేషగిరిగారూ?"

సుధేష్ణ బెలూన్ వెనక నవ్వు దాచుకుంది. శేషగిరి మీసం తడుముకున్నాడు. గుడ్డ విప్పేద్దామంటే ఈసారి ఇండీ వచ్చి నేల మీద పడి దొర్లింది. "యూ ప్రామిస్డ్ మీ శాటర్న్, డాడీ!" అటు ఏలినాటి శని, ఇటు ఆరేళ్ళ పిల్ల. ఏది ఎక్కువ భయంకరమో శేషగిరికి బాగా తెలుసు. శని గోడ మీదే ఉంటాడు గానీ కనపడకుండా ఉంటాడని రాజీ కుదిరింది. ఎడ్వర్డ్ లోపలికి వెళ్ళి టేబుళ్ళ మీద పరిచే పొడవాటి నల్లగుడ్డ ఒకటి తెచ్చిచ్చాడు. ఉంగరాలూ, చీకటీ, నీలి చుక్కా, అన్నీ దాని వెనక్కు పోయాయి.

మనస్విని ఇంటికి వెళ్ళిపోతానంది. "బిరియానీ అయినా తినిపోదాం" అన్నాడు శశికాంత్, ఎంతైనా నెల రోజులు నిలబడి తిన్నవాడు.

అక్కడితో ఆగి ఉంటే ఇంకో పుట్టినరోజు అయిపోయేది. కానీ జయమ్మకు మనసొప్పలేదు. నల్లగుడ్డ కప్పడమంటే మాటలా? అది శనికి వస్త్రం సమర్పించినట్టే. వస్త్రం ఇచ్చి నువ్వులు ఇవ్వకపోతే ఆయన ఊరుకుంటాడా? వంటల దగ్గర్నుంచి గుప్పెడు నల్లనువ్వులు తెచ్చి గుడ్డ ముందు కాగితం ప్లేటులో పోసింది. నువ్వులనూనె తెచ్చి దీపం పెట్టబోతే, మంచికైనా చెడుకైనా గ్రాండ్ అనే ఎడ్వర్డ్ పరిగెత్తుకొచ్చాడు.

"గ్రాండ్, గ్రాండ్. బట్ నో ఫైర్, మిసెస్" అని, బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ కొవ్వొత్తి చేతిలో పెట్టాడు. శని చరిత్రలో అదే మొదటి బ్యాటరీ దీపం అయి ఉంటుంది.

అతిథులు రావడం మొదలుపెట్టారు. గుడ్డ ముందు నువ్వులూ దీపమూ చూసి ఏమిటని అడిగారు. చెప్పగానే హాలంతా గుసగుసలు పాకాయి. శనివారం. శని. పైగా కుంభం, మీనం, మేషం, మూడు రాశుల వాళ్ళకూ ఏలినాటి పీడ. ఐర్లండ్‌లో కష్టం లేని తెలుగువాడెవడు? పర్మిట్ రెన్యువల్ కాగితం రానివాడొకడు. ఇళ్ళ వేలంలో ప్రతిసారీ ఓడిపోయే దశరథ ఒకడు. ఎక్కడో దూరాన రింగాస్కిడీ అనే ఊరి నుంచి కారేసుకొచ్చిన జంట ఒకటి, వాళ్ళ కష్టం బయటికి చెప్పేది కాదట. కేకు కోయడం కానిచ్చేసి అందరూ ఇటు తిరిగారు.

"కప్పిన గుడ్డకి నూనె ఎలా సమర్పిస్తారండీ? స్వామికి అందొద్దూ?" అన్నాడు దశరథ. అతనే నల్లగుడ్డ లాగేశాడు. జయమ్మ కూడా కాదనలేదు. ఇంతమంది దండం పెడుతుంటే ఆయన శాంతించినట్టేనని తేల్చేసుకుంది.

మనస్విని పొంగిపోయింది. ఎంత మంది! గుడి ముందులాగా వరస. ఆమె బొమ్మ ముందు ఇంతమంది నిలబడతారని కలలో కూడా అనుకోలేదు. ఆ సంతోషం మొదటి మనిషి నూనె చుక్క వేసేదాకా నిలిచింది. అతను తల వంచుకుని వచ్చాడు. పక్కనుంచి వచ్చాడు. నేల చూస్తూ నూనె వేశాడు, ఉన్నచోటే గుండ్రంగా తిరిగాడు, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. రెండో మనిషీ అంతే. మూడో మనిషి కళ్ళే మూసుకుని వచ్చి ప్లేటు తన్నేశాడు.

"దశరథగారూ, ఒక్కసారి తలెత్తి చూడండి. ఆ ఉంగరాలు చూడండి" అంది మనస్విని ఉండబట్టలేక.

"అమ్మో! చూపులో చూపు పడకూడదండీ" అని అతను తల ఇంకా కిందికి దించుకున్నాడు. "అయినా చాలా మహిమ ఉందండీ మీ బొమ్మలో. మీదేగా?"

అందరూ వచ్చారు, ఒక్కరూ చూడలేదు. ఫోన్లో ఫొటోలు చూపించినప్పుడు కనీసం అర సెకనైనా చూసేవాళ్ళు. దర్శనమయ్యాక కాళ్ళు కడుక్కోవాలని గుర్తొచ్చి అందరూ మరుగుదొడ్ల వైపు నడిచారు. చేతులు కడుక్కునే సింకులో ఒక్కో కాలూ పెట్టి నిలబడ్డ సాఫ్ట్‌వేర్ నిపుణులను చూసి ఎడ్వర్డ్ తలుపు మెల్లగా మూసేశాడు. ఈసారి గ్రాండ్ అనలేదు.

సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. శశికాంత్ కారు తేవడానికి వెళ్ళాడు. మనస్విని గోడ దగ్గర కూర్చుని, కింద అంచుకు అంటిన నూనె మరకను టిష్యూతో అద్దుతోంది. ఇక రేపటినుంచి పసిపిల్లల తలకాయలు అతికించుకోవడమే మేలనుకుంది.

జయమ్మ నువ్వుల ప్లేటు తీయడానికి వచ్చింది. తల దించుకునే వచ్చింది. వంగి ప్లేటు తీసి లేవబోతే మోకాలు పట్టేసింది. మనస్విని చెయ్యందించింది. ఆ చెయ్యి పట్టుకుని లేచేటప్పుడు ఆమె తల పైకెత్తక తప్పలేదు. ఎత్తిన తల మళ్ళీ దించలేదు.

కాసేపటికి కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఇంత అందంగా ఉంటాడా తల్లీ?" అంది జయమ్మ చాలా చిన్నగా.

"ఉంటాడండీ. నేను కల్పించింది కాదు. దగ్గరికి పోయి తీసిన ఫొటో చూసి వేశాను."

"ఈ నీలం చుక్కేంది? చెయ్యి జారి పడిందా?"

"అది మనమండీ. భూమి. అక్కణ్ణుంచి చూస్తే మనం అంతే కనపడతాం."

"నెల్లూరు?"

"నెల్లూరూ అందులోనే, డబ్లినూ అందులోనే."

జయమ్మ చుక్క దగ్గరికి వేలు తెచ్చింది గానీ తాకలేదు. "మా ఆయన పోయినప్పుడు ఈయన్నే తిట్టుకున్నా. శేషగాడి ఉద్యోగం ఊడినప్పుడూ ఈయన్నే. అంత దూరాన ఉండాడా పాపం! ఆయనకి మా ఇల్లే కనపడదు గదమ్మా. ఎవురి గొడవా ఎరగని మనిషిని పట్టుకుని ఇన్నేళ్ళు ఆడిపోసుకున్నా."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి మనస్వినికి. దాచుకోవాలని కూడా అనుకోలేదు. జయమ్మ అదేమీ గమనించకుండా సంచీలో చెయ్యి పెట్టి, మనవరాలి కోసం తెచ్చిన కాటుక డబ్బా తీసింది. వేలికి కాటుక అద్దుకుని, వంగి, మనస్విని సంతకం పక్కన గుడ్డ మీద నల్లటి చుక్క పెట్టేసింది.

"అయ్యో, ఏంటండీ ఇది?"

"దిష్టి తగలదా మరి? ఊరంతా వచ్చి పోయింది."

"ఎవరు చూశారండీ? అందరూ తల దించుకునే పోయారు."

"నేను చూశా గదా" అంది జయమ్మ. "నా కన్ను అసలు మంచిది కాదు."

లోకమంతా ఎవరి చూపుకు భయపడుతుందో ఆయనకే దిష్టి చుక్క పెట్టి, జయమ్మ కాళ్ళు కూడా కడుక్కోకుండా, తలుపు దాకా వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ పోయి కారెక్కింది.