లాయరుగారికి అందిన లింకు

"నీ మాటల్లో తర్కం లేదు" అంటూ లాయరు మొగుడు కూరలో ఉప్పు గురించి కూడా వాదించి గెలిచేవాడు. బ్యూటీపార్లర్ నడిపే భార్యకు ఒళ్లు మండి, ఆయన నోరు మూయించడానికి తత్వశాస్త్రం చదవాలనుకుంది.

ఫోనులో వెతికితే మొదట దొరికిన గడ్డం గురువు చన్నీళ్ల స్నానమే తత్వమన్నాడు. తర్వాత తెరిచిన వ్యాసంలో మొదటి వాక్యం పూర్తయ్యేలోపు కస్టమరు తలకు వేసిన రంగు ఆరిపోయింది. చివరికి ఏదో విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టిన వీడియో పాఠాలు తగిలాయి. అందులోని ముసలి పంతులమ్మ ఎవరేం చెప్పినా "అంటే ఏమిటి?" అని అడిగేది. ఆ పద్ధతి ఈవిడకు తెగ నచ్చింది.

సాయంత్రం గిన్నెలు తోమే వంతు దగ్గర గొడవ మొదలైంది.

"నన్ను తోమమనడం న్యాయం కాదు" అన్నాడు మొగుడు.

"న్యాయమంటే ఏమిటండీ?"

"ఎవరికి చెందింది వాళ్లకు దక్కడం."

"మరి ఈ ఎంగిలి ఎవరిది?"

ఆయన లేచి గిన్నెలన్నీ తోమాడు. చేతులు తుడుచుకుంటూ, "ఎక్కడ నేర్చావిది? ఆ లింకేదో నాకూ పంపు" అన్నాడు. పంపింది.

మర్నాడు కోర్టు నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"న్యాయమంటే ఏమిటని జడ్జిగారిని అడిగాను."

"ఏమన్నారు?"

"బయట కూర్చుని ఆలోచించుకోమన్నారు."

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"రెండో పాఠం కూడా వినాల్సిందండీ. ఎవరిని అడగకూడదో అందులో చెప్పారు."