ఇంగ్రిడ్ జెర్సీ

మిన్నెసోటాలోని ఆ బడిలో మంచు పడటం మొదలైతే బాస్కెట్‌బాల్‌తో పాటు బొమ్మను బతికించే సాధన కూడా మొదలవుతుంది. అబ్బాయిల జట్టూ అమ్మాయిల జట్టూ ఒకే హాల్లో చేరతాయి. ఆటలో గుండె ఆగి పడిపోయినవారిని ఎలా కాపాడాలో కోచ్ ఆర్విడ్ నేర్పిస్తాడు. నేలమీద రబ్బరు బొమ్మ, పక్కన కత్తెర, ఆగిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం. ఒకరు ఛాతీ నొక్కుతుంటే ఇంకొకరు చొక్కా కత్తిరించి, ఒంటికి ప్యాడ్లు అంటించాలి. పిల్లలు పందెంలా చేసేస్తారు.

ఈసారి అమ్మాయిల జట్టులోని ఇంగ్రిడ్ తన పాత జెర్సీనీ, లోపల వేసుకునే ఛాతీ పట్టీనీ తెచ్చి, తానే బొమ్మకు తొడిగింది. ఆమెకు పుట్టుకతోనే గుండెలో లోపం. చుట్టూ ఉన్నవాళ్లకు కాపాడటం వస్తేనే ఆడనిస్తామన్నారు డాక్టర్లు.

అబ్బాయిల జట్టులోని కోల్బీ ఎప్పటిలాగే కత్తెర అందుకున్నాడు. జెర్సీ మెడ దగ్గర ఆగిపోయాడు.

"ఏరా, కత్తెర మొద్దుబారిందా?" అన్నారు వెనకవాళ్లు.

"అమ్మాయిలెవరైనా రండర్రా," అన్నాడు, చెవులు ఎర్రబడి.

పోయినవారం క్షణంలో చొక్కా చీల్చిన చేయి ఇదేనా? ఆర్విడ్‌కు కోపం రాలేదు, వింతగా తోచింది.

"ఎందుకాగావ్ నాయనా? తెలుసుకుందామనే అడుగుతున్నా."

"ఏమో కోచ్. తప్పుగా అనుకుంటారేమోనని."

"నేనైతే కళ్లు తిరిగాయనుకుని జ్యూసిచ్చేవాణ్ణి," అన్నాడు మరొకడు. "అమ్మాయి పడితే గుండె ఆగిందని ఎవరికి తడుతుంది?"

ఆర్విడ్ ఆలోచనలో పడ్డాడు. ఆటలో ఇలా పడిపోయేది ఎక్కువగా మగపిల్లలేనన్నది నిజం. ఆ నిజమే అందరి కళ్లకూ గంతలు కట్టిందా?

"నేను పడ్డప్పుడు దగ్గర్లో అమ్మాయిలు లేకపోతే?" అడిగింది ఇంగ్రిడ్.



"మీ నాన్న నన్ను తంతాడు," గొణిగాడు కోల్బీ.

"మా నాన్న నీకు బతికినన్నాళ్లూ లెఫ్సా రొట్టెలు చేసిపెడతాడు. కొయ్యరా."

కోల్బీ కోశాడు. జెర్సీ, లోపలి పట్టీ కూడా. ప్యాడ్లు అంటించాడు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే తన కోటు విప్పి బొమ్మమీద మెల్లగా కప్పాడు.

ఆర్విడ్ పిల్లలందరివైపూ తిరిగాడు.

"అమ్మాయిలకు అరుదు అనుకుని ఏమరుపాటుగా ఉంటే, ఆ అరుదైన పిల్ల మన పిల్లే కావచ్చు. నేలమీద పడినవాళ్లు ఎవరైనా సరే, మనం వాళ్లకు చూపగల మర్యాద ఒక్కటే, ప్రాణం నిలపడం."