దలాలో కొండదారి

బర్మాలో యుద్ధం వల్ల షాన్ కొండలకు దారులు మూసేశారు. దాంతో మా ఆయన ధనరాజ్ పనిచేసే టూరు కంపెనీ కొండల్నే మా ఊరు దలాకి తెచ్చేసింది. యాంగోన్‌లో పడవెక్కి నది దాటితే చాలు, "కొండదారి పొడవునా చారిత్రక దుంగల ఇళ్లు, పాతకాలపు కొట్టాలు" అని ప్రకటన. దలా చాప పరిచినంత చదును. అయితేనేం, లారీలతో మట్టి పోసి కొండ చేశారు. వానలకి అది రోజురోజుకీ వినయం నేర్చుకుంటోంది.

దుంగల ఇళ్లు కిందటి నెల కట్టినవే. చరిత్ర కావాలి కనక మసి పూశారు. నిజంగా పాతది ఒక్కటే, మా అత్త అచ్చమ్మ పశువులశాల. టేకు దుంగలది. దానికి "కొండజాతి రైతు కొట్టం" అని బోర్డు తగిలించారు. మా తాతలు తెలుగు నేల నుంచి సముద్రం దాటి ఇక్కడి ఓడరేవులో బియ్యం బస్తాలు మోయడానికి వచ్చినవాళ్లు. ఏ కొండ దిగి వచ్చారో కంపెనీకే తెలియాలి.

ఒక్కటే చిక్కు. శాలలో ఆవుంది, నిండు చూలుతో. పేడ వాసన చరిత్రకి పడదట. మేనేజరైపోదామని మా ఆయన ఆశ. ఆవుని తోలుకెళ్లి రోడ్డవతల టార్పాలిన్ కింద, ఆ వానలో కట్టేశాడు. అక్కడ ఈనితే దూడ బతకదని అత్త అన్నం మానేసింది. నాకూ ఒళ్లు మండింది.

ప్రారంభోత్సవం నాటి పొద్దున్న ఆవు పలుపు తెంపుకుని తిన్నగా శాలలోకొచ్చి, అతిథులకని పరిచిన కొత్త తివాచీ మీద ఈనింది. అత్త గుమ్మానికి వేపమండలు కట్టేసింది. మా ఇళ్లలో అవి ఉన్నన్నాళ్లూ పురుటి గుమ్మం పరాయివాళ్లు తొక్కరు. పశువుకైనా అంతే.

"అమా, గెస్టులు పడవ దిగిపోనారు! ఆ మండలు తీసీ. ఆవుని అవతలికి తోలీస్తాను" అని మా ఆయన గంతులేశాడు.

"ఏటి తోల్తావురా? నువ్వు పుట్టిన్నాడు గాలివానకి ఇంటి కప్పు ఎగిరిపోనాది. నిన్ను ఈ సాల్లోనే కన్నాను. ఆరోజు దీని ముత్తవ్వ పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. అది గొడ్డు. మరి నువ్వేటి?"

అప్పటికే కెమెరాలు, గొడుగులు గుమ్మం దగ్గరికి వచ్చేశాయి, ముందు కంపెనీ యజమాని. ధనరాజ్ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరూ లోపలికి రాకూడదు. పురుడు జరిగింది" అన్నాడు బర్మీస్‌లో.

"ఎవరికి?" అన్నాడు యజమాని.

"మా ఇంటి మనిషికి."